బంతిపూల గంప వెంట పోయిన బండి

డ్రైవరు లేని బండిని నడిపించడం నేర్చుకోవడానికి నేను ఏళ్ళకేళ్ళు చదివాను. ఆ బండి నన్ను నడిపించడానికి ఒక గంట చాలింది. ఆ గంటలో నా పరువు ఇంజినీరింగ్ కాలేజీ మెట్ల దగ్గర బయలుదేరి తార్నాక దాకా కాలినడకన ఎలా వెళ్ళొచ్చిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు ఇంకా నవ్వు ఆపలేదు.

అప్పుడు నేను యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం వినడానికి మహా గొప్పగా ఉంటుంది. ఆకాశంలో ఒక ఉపగ్రహం వెనక ఇంకొకటి, మధ్య దూరం మారకుండా తిరిగేలా అదుపు చెయ్యడం. ఉట్టికెగరలేనమ్మ ఉపగ్రహానికి ఎగిరిందట! ఆకాశం మాకు అందదు గనక నేలమీద ఒక చిన్న బండితో పరీక్షలు చేసేవాళ్ళం. కూరగాయల తోపుడుబండిలో సగం ఉంటుంది. నాలుగు చక్రాలు, ఒక మోటారు, ముందు కెమెరా, నెత్తిన ఆపడానికి ఎర్ర బటన్. ముందు నడిచే మనిషిని లీడర్ అంటాం. ఆ లీడర్‌కి సరిగ్గా రెండు మీటర్ల వెనక బండి నడవాలి. ఆయన ఆగితే ఆగాలి, తిరిగితే తిరగాలి.

ముందు నడిచే మనిషి వీపుకి ప్రత్యేకమైన దీపాల పలక కట్టమని మా గైడు విశ్వం సార్ చెప్పారు. దాన్ని గుర్తుపట్టే ప్రోగ్రాం రాయడానికి నెల పడుతుంది. నాకేమో బద్ధకం.

"ఎందుకు సార్ అంత కష్టం? ఆరెంజ్ జాకెట్ వేద్దాం. బండి ఆరెంజ్ రంగు వెంట వెళ్ళిపోతుంది. క్యాంపస్ అంతా పచ్చటి చెట్లే కదా, ఇంకో ఆరెంజ్ ఎక్కడుంది?" అన్నాను.

ఈ మాట అన్నది వానాకాలంలో. డెమో పెట్టింది బతుకమ్మ పండుగ రోజుల్లో. నల్లకుంటలో పుట్టి పెరిగి, బతుకమ్మకు ఊరంతా బంతిపూలు వస్తాయని లెక్కలో వేసుకోని ఇంజినీరు ప్రపంచంలో నేనొక్కదాన్నే.

నా పరిశోధనను పరీక్షించే కమిటీకి ఆ డెమో నచ్చకపోతే నా అంశం రద్దు. మూడేళ్ళ పని చెత్తబుట్టలోకి. సార్ ఈ సంగతి మెత్తగా, మూడుసార్లు చెప్పారు.

మా కంట్రోల్ ఇంజినీర్లకు ఒక అలవాటుంది. బండిని చూడరు, గ్రాఫు చూస్తారు. కమిటీ వాళ్ళు కింది అంతస్తు ల్యాబులో పరదాలు వేసుకుని తెర ముందు కూర్చున్నారు. మధ్య దూరం గురించి బండి పంపే లెక్కలు తెరమీద గీతగా వస్తాయి. గీత తిన్నగా ఉంటే బండి బుద్ధిగా ఉన్నట్టే. బయట నేను, బండి, ఆరెంజ్ జాకెట్‌లో నా జూనియర్ శ్రీకాంత్.

"చూడు, ఏమైనా సరే వెనక్కి తిరగొద్దు. నేను చెప్పేదాకా నడుస్తనే ఉండు," అన్నాను.

"ఒట్టు అక్కా," అని వాడు బయలుదేరాడు. బండి కదిలింది.

సరిగ్గా అప్పుడు లేడీస్ హాస్టల్లో పూలు అమ్ముకుని, మిగిలిన బంతిపూల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ బండికీ శ్రీకాంత్‌కీ మధ్యనుంచి అడ్డంగా నడిచింది. జాకెట్ కంటే గంప నిండుగా ఉంది. బండి ఒక్క క్షణం తటపటాయించి గంప వెంట తిరిగింది. శ్రీకాంత్ మాత్రం తిన్నగా వెళ్ళిపోయాడు. ఒట్టు పెట్టాడు కదా!

నేను పరిగెత్తి ఎర్ర బటన్ మీద చెయ్యి వేశానో లేదో ఫోన్ మోగింది.

"మాధవీ, అద్భుతం! గీత అసలు కదలట్లేదు. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు!"

"సార్, అదీ... బండి ఆపాలి..."

"ఆపితే డేటా పోతుంది. ఆపకు!"

మీరైతే నిజం చెప్పేవారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ గీత అంత తిన్నగా ఎందుకుందో అప్పుడే అర్థమైంది. శ్రీకాంత్ ఫోన్ చూసుకుంటూ తూలుతూ నడుస్తాడు. నెత్తిన గంప ఉన్న మనిషి అలా నడవదు.

ఆవిడ ఓసారి వెనక్కి చూసింది. "ఏందమ్మా గిది? నా ఎంబడి వస్తున్నది?"

"ఏం చెయ్యదమ్మా, మంచి బండి."

"మంచిదైతే నా ఎంబడెందుకు పడతది?" అని వడివడిగా నడిచింది. బండీ వడివడిగా నడిచింది. "కుక్కయితే రాయి తీసుకుందును. దీనికేం తియ్యాలె?"

మళ్ళీ ఫోన్. "మాధవీ, లీడర్‌ని ఒకసారి సడన్‌గా ఆగమను. కమిటీ చూస్తామంటోంది."

"అమ్మా, జర ఒక్కసారి ఆగవా?"

ఆవిడ టక్కున నిలబడి నా వైపు తిరిగింది. "ఎందుకాగాలె? ఎండల, నెత్తి మీద బరువు పెట్టుకొని నీ కోసం ఆగాల్నా?"

నన్ను తిట్టడానికి ఆగింది. బండి కూడా ఆగింది. ఫోన్లో చప్పట్లు వినిపించాయి.

అలా తార్నాక చేరాం. ఆవిడ తన అడ్డా దగ్గర గంప దించి కూర్చుంది. బండి రెండు మీటర్ల దూరంలో నిలబడి పూలనే చూస్తోంది. "గీ బండి గూడ అమ్ముతున్నవా యాదమ్మా?" అని ఎవరో బేరం మొదలుపెట్టారు.

మూడోసారి ఫోన్. "కమిటీలో బయటినుంచి వచ్చిన మేడమ్‌గారు లీడర్‌ని అభినందిస్తారట. ల్యాబుకి తీసుకురా."

ఫుట్‌పాత్ మీద కూలబడి, యాదమ్మకు ఆరెంజ్ జాకెట్ నుంచి అబద్ధం దాకా అన్నీ చెప్పాను. "నువ్వు రాకుంటే నా చదువు పోతదమ్మా," అంటుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

ఆవిడ నా మొహం చూసింది. "ముందే చెప్పొద్దా బిడ్డా? నడువు," అని, బేరం వదులుకుని గంప నెత్తికెత్తుకుంది. గంప వెనక బండి, బండి వెనక నేను. పూలతో పాటు నారకూ పరిమళం అంటారు గానీ, నాకు చెమటే మిగిలింది.

ల్యాబు తలుపు తీయగానే విశ్వం సార్ నోరు తెరిచారు, మూయలేదు. మేడమ్‌గారు మాత్రం నెమ్మదిగా అడిగారు. "లీడర్‌కి ఏమేం చెప్పావమ్మా?"

నేను మొదలుపెట్టేలోపే యాదమ్మ అందుకుంది. "ఏం జెప్పలే మేడం. నేను తార్నాక పోతున్న, గిది నా పూల ఎంబడి పడ్డది. గీ పిల్లనేం అనకుండ్రి. బండి మంచిగనే నడిచింది. ఒక్కసారన్న నన్ను తాకలే."

మేడమ్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "విశ్వంగారూ, మనం చెప్పినవాళ్ళ వెంట నడిచే బండ్లు చాలా చూశాను. తన లీడర్‌ని తానే ఎంచుకున్న బండిని ఇప్పుడే చూస్తున్నా. దీనికంటే స్వతంత్రమైన వాహనం ఇంకేముంటుంది?"

నా అంశం బతికింది. అబద్ధానికి శిక్షగా, నేను ఎగ్గొట్టిన ఆ దీపాల పలక పని నెలలో పూర్తి చెయ్యాలన్నారు. గంపలో మిగిలిన పూలన్నీ మేడమ్‌గారే కొన్నారు.

హమ్మయ్య అనుకుంటుండగా ఫోన్ మోగింది. ఆయాసపడుతూ శ్రీకాంత్. "అక్కా, విద్యానగర్ దాకా వచ్చిన. ఇప్పుడన్నా వెనక్కి చూడొచ్చా?"

కాబట్టి పాఠక మహాశయులారా, ఎర్ర బటన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నెల పనిని జాకెట్‌తో సరిపెట్టను. పంచాంగం చూడకుండా డెమో తేదీ ఖాయం చెయ్యను. బతుకమ్మకు పూలు యాదమ్మ దగ్గరే కొంటాను, కానీ ముందు బండిని ల్యాబులో పెట్టి తాళం వేసి, ఆ తర్వాతే తార్నాక వెళతాను.