గోడకల్లా తిరుక్కోండి

గంగులయ్య ఎవరూ చూస్తుండగా పాస్‌వర్డ్ కొట్టడు. కొట్టాల్సి వస్తే ముందు గదిలో ఉన్నవాళ్ళందరినీ గోడవైపు తిప్పుతాడు.

మదనపల్లెలోని ఒక కంటి ఆసుపత్రికి పుంగనూరులో, కుప్పంలో శాఖలుండేవి. మూడు చోట్లా కంప్యూటర్లు చూసేది ఆయనే. రోగుల పేర్లు డేటాబేస్‌లో ఉంటాయి. వాటిని తెర మీదికి తెచ్చే ప్రోగ్రామ్ వేరు. సెట్టింగుల్లో యూజర్ పేరూ పాస్‌వర్డూ సరిగ్గా కొడితే తప్ప రెండింటికీ మాటలుండవు. కరెంటు పోయి వస్తే చాలు, అలిగిన వియ్యంకుల్లా విడిపోయేవి.

2002లో పుంగనూరు శాఖలో ఉషా కంప్యూటర్ ఆపరేటరుగా చేరింది. మూడు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. చేయకపోతే సొంతూరు బైరెడ్డిపల్లెకు పోయి వేరుశనగ చేలో చెనిక్కాయలు పెరకాలి. మొదటి వారమే తెర మీద ‘లాగిన్ ఫెయిల్డ్’ అని పడింది. మదనపల్లెకు ఫోన్ చేసింది.

“పాస్‌వర్డ్ చెప్పండి సార్, నేనే కొట్టుకుంటా.”

“ఫోన్లో యాడ చెప్పేదమ్మా! తీగల మింద కాకులుంటాయి. వస్తాండా, ఉండు.”

గంటన్నరకు బస్సు దిగి వచ్చాడు. గొడుగు మూలన ఆనించాడు.

“గోడకల్లా తిరుక్కోండి.”

ఉషా తిరిగింది. ఆయా కుప్పమ్మ చీపురుతో సహా తిరిగింది. పని మీద వచ్చిన డాక్టరమ్మా తిరిగింది. రెండు కళ్ళకూ కట్టుతో బెంచీ మీద ఒక అవ్వ మిగిలింది.

“అవ్వా, నువ్వు గూడా.”

“నాకు యాడ కనపడతాదప్పా?”

“ఈడి డాక్టర్లు మంచోళ్ళవ్వా. ఏ నిమిషానికి కనపడతాదో ఎవురికి తెలుసు?”

గోడను చూస్తూ ఉషా మీటల చప్పుడు లెక్కపెట్టింది. ముందు పది, తర్వాత నాలుగు. ఏ ఆపరేటరు పేరుతో ఆ ఆపరేటరే లాగిన్ కావాలని, తప్పు ఎవరిదో తెలియాలని మేనేజర్ మునిస్వామి ఉత్తర్వు. తన పేరు ఇంగ్లీషులో నాలుగక్షరాలే. పది ఎందుకో అడగబోయి ఊరుకుంది.

రెండో నెలలో, ఆపరేషన్లకు రమ్మన్న నలభై ఇద్దరి జాబితాను ఉషా పొరపాటున తుడిచేసింది. మర్నాడు వాళ్ళు దుప్పట్లు చంకన పెట్టుకుని దిగారు. ఒక్కరి పేరూ లేదు. చీటీలు చూసి మళ్ళీ ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి మునిస్వామి వచ్చాడు, గంగులయ్యను వెంటబెట్టుకుని.

“తుడిచిందెవురో కంప్యూటరే చెప్తాది. తియ్యప్పా కాగితం.”

ప్రింటరు కీచుమంది. ఉషా కళ్ళముందు చెనిక్కాయల చేను కదిలింది. మునిస్వామి చదివాడు.

“మంగళవారం, నాలుగు గంటలు. తుడిచినది... గంగులయ్య!”

“నేనే సార్.”

“ఆ టైముకు నువ్వు మదనపల్లెలో నా ముందర టీ తాగతా ఉంటివి గదప్పా!”

“తాగొచ్చి తుడిచినా సార్.”

“నిన్ను తీసేస్తా సూడు!”

“తీసేయండి. పాస్‌వర్డ్ మాత్రం అడగొద్దండి.”

మునిస్వామి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఉషాకు పది మీటల లెక్క తేలింది: గంగులయ్య అని ఇంగ్లీషులో కొడితే పది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది.

“గోడకల్లా తిరుక్కోమ్మా,” అన్నాడు గంగులయ్య.

తిరిగింది.

2007లో రిటైరైన రోజు ఆయన తన పనితో పాటు ఒక చీటీ ఉషా చేతిలో పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“దీనికా సార్, అన్నేండ్లు మమ్మల్ని గోడకల్లా తిప్పింది?”

“పెద్దదైతే నేనే మరిసిపోతానమ్మా.”

ఆ నెలలోనే కుప్పంలో చాందిని అనే కొత్తమ్మాయి చేరింది. ఉషా బస్సు దిగింది, గొడుగు మూలన ఆనించింది, చాందినిని గోడవైపు తిప్పింది. నాలుగు మీటలు, మళ్ళీ నాలుగు.

“అప్పుడే అయిపాయనా అక్కా? నా పేరే ఎనిమిది అక్షరాలు గదా!”

“గోడను సూడు చాందినీ.”