ఇసుక దిబ్బ మీద కుట్టిన తెరచాప

ఆమె ముప్పై ఏళ్లుగా తెరచాపలు కుడుతోంది. రేవు వెనక రేకుల షెడ్డులో, సిమెంటు నేల మీద గుడ్డ పరిచి, మోకాళ్ల మీద జరుగుతూ కుట్టడమే పని. పడవ మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. బస్సులోనే కడుపులో తిప్పే మనిషికి ఇక సముద్రం మాట చెప్పాలా.

ఆ ఏడాది కొత్త రకం గుడ్డ, కొత్త రకం తాడు వచ్చాయి. తేలిక, నీళ్లు పీల్చవు. వాటితో ఆమె కుట్టిన మూడు తెరచాపల మీదా ఒకటే ఫిర్యాదు: పడవ ఒక పక్కకి లాగుతోంది. తాళ్లు కట్టడం చేతకాక తన కుట్టు మీద పడి ఏడుస్తున్నారని మొదటి ఇద్దర్నీ కసిరి పంపేసింది. మూడోవాడు సొంత మరిది. అతను వాదించలేదు.

"రేపు పొద్దున ఆరింటికి నీరు వెనక్కి తీయడం మొదలవుతుంది. దాంతోపాటు బయటికెళ్లి, సాయంత్రం పోటుతో లోపలికొద్దాం. నువ్వే చూడు వదినా."

"నేనా? దారంతా వాంతులే."

"పోనీలే, చేపలకి పెట్టినట్టుంటుంది."

మర్నాడు ఆరు కాకముందే ఆమె దబ్బనాల డబ్బా చంకన పెట్టుకుని రేవులో నిలబడింది.

ఏరు సముద్రంలో కలిసే మొగ దాటేసరికే తాగిన టీ అంతా బయటికొచ్చేసింది. నీళ్ల వైపు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. తల పైకెత్తి తెరచాపను చూస్తే కాస్త నయంగా ఉంది. దాంతో అటే చూస్తూ కూర్చుంది. అలా గంటసేపు చూశాక ఆమెకు కనిపించింది. నేల మీద చదునుగా ఉండే గుడ్డ గాలికి బుగ్గలా ఉబ్బుతోంది గానీ, వెనక అంచు పొడవునా ముడత పడుతోంది. అంచు వెంట కుట్టిన తాడు గుడ్డను పట్టేసి లాగుతోంది. దాంతోనే పడవ పక్కకి పోతోంది. పాత నూలు తాడయితే రెండు రోజుల్లో సాగి సర్దుకునేది. అందుకే బిగించి కుట్టడం ఆమెకు అలవాటు. ఈ తాడు సాగే రకం కాదు.

ఆమె డబ్బా తెరిచి దబ్బనం బయటికి తీసింది.

"ఎక్కడైనా నేల చూపించు. ఇప్పుడే విప్పుతాను," అంది.

"ఇంటికెళ్లాక విప్పొచ్చుగా?"

"ఇంటికెళ్తే మళ్లీ ఈ పడవ ఎక్కుతాననుకున్నావా?"

మరిది పొద్దు వైపు చూసి లెక్క వేసుకున్నాడు. "పదకొండింటికి నీరు తగ్గి ఇసుక దిబ్బ తేలుతుంది. ఒంటిగంటన్నరకి మళ్లీ మునుగుతుంది. ఆలోగా అవలేదంటే తెడ్లేసుకుంటూ పోవాలి. నిన్ను కూడా నేనే లాగాలి."

నీరు తీసేకొద్దీ పడవ మెల్లగా ఇసుక మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి తెరచాప దించి తడి ఇసుక మీద పరిచారు. అతను అంచు పట్టుకుంటే ఆమె కుట్లు కోసుకుంటూ పోయింది. మూలన చుట్టి వదిలేసిన తాడు కొసను విప్పి, అంచు వదులయ్యేలా జానెడు లోపలికి వదిలి, మళ్లీ మొదటి నుంచి కుట్టసాగింది. ఎండకు వీపు మాడిపోయింది. ఒంటిగంటకి నీరు ఆమె మడమల్ని తాకింది.

"వదినా."

"తెలుసు. ఎత్తు."

ఇంకా రెండు మూరల కుట్టు మిగిలి ఉండగానే తెరచాపను పడవలోకి లాగారు. పడవ తేలి ఊగడం మొదలైంది. ఆమె ఒకసారి పక్కకి వంగి కక్కుకుంది. మూతి తుడుచుకుని దబ్బనం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

మిగిలింది కుట్టి తెరచాప ఎత్తాక ముడత లేదు. మరిది చుక్కాని మీంచి చెయ్యి తీసి చూశాడు. పడవ తిన్నగా పోయింది.

"ఇటొచ్చి పట్టుకో," అన్నాడు.

చుక్కాని కొయ్యకు చెయ్యి ఆనించగానే తన కుట్టు గాలిని పట్టి పడవను లాగుతున్న బరువు ఆమె అరచేతికి తెలిసింది. పోటు వెనక నుంచి తోస్తుంటే అయిదింటికల్లా రేవు చేరారు.

రేవులో దిగగానే ఆమె షెడ్డుకి వెళ్లలేదు. మిగతా ఇద్దరు పడవవాళ్ల ఇళ్లకు నడిచింది. "తప్పు నాదే. తెచ్చివ్వండి, సరిచేసిస్తాను," అని ఇద్దరికీ చెప్పింది. ఆ నోట వాళ్లు అలాంటి మాట ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత కుట్టిన ప్రతి తెరచాపతోనూ మొదటి రోజు ఆమె కూడా వెళ్లేది. వాంతులు తగ్గలేదు. పోటు వేళలు మాత్రం నోటికొచ్చేశాయి.