సగం ముఖంతో గీసిన సినిమా

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పాస్టర్ అయ్యగారికీ సంఘ పెద్దలకూ నా వందనాలు. మైకు ముందర నిలబడమంటే నాకేం భయం లేదు, నోరున్న పిల్లనని మా గల్లీ మొత్తానికి తెలుసు. కానీ పోయినేడు ఇదే నోరు ఒక పక్కకు గుంజుకపోయి, ఎడమ కన్ను మూతపడక, నీళ్లు తాగితే మూతి మూలకెల్లి కారిపోతుంటే, చున్నీ అడ్డం పెట్టుకొని ఆఖరు వరుసల కూసొని, ఆఖరు ఆమేన్ కాకముందే లేచి ఉరికిన దినాలు మీల చాలామందికి తెలవదు! సగం ముఖం నాది కాకుండ పోయింది. దాన్ని నా దేవుడు నాకెట్ల తిరిగిచ్చిండో చెప్పకపోతే నా నోరెందుకు, అందుకే వచ్చిన.

నా పేరు బ్లెస్సీ. మాది జీడిమెట్ల, మా డాడీ అక్కడనే మందుల కంపెనీల పనిచేస్తడు, మమ్మీ ఇల్లు చూసుకుంటది, ఇంటికంటే ఎక్కువ ప్రార్థన చూసుకుంటది. నేను హైటెక్ సిటీ అవతల ఒక యూనివర్సిటీల యానిమేషన్ చదివిన. మన సంఘంల ఆంటీలు, అంటే ఏంది బిడ్డా, పిల్లలు టీవీల చూసే బొమ్మలా అని అడుగుతుండె. అవును ఆంటీ, గవే! కానీ ఒక బొమ్మ తల తిప్పి చిన్నగ నవ్వాలంటే ఎన్ని బొమ్మలు గియ్యాల్నో తెలిస్తే మీరు నాకోసం ఇంకో గంట ఎక్కువ మోకాళ్ల మీద ఉందురు!

మా చదువుల ఒక పద్ధతి ఉంటది. ప్రతి ఒక్కరి టేబుల్ మీద కంప్యూటర్ పక్కన ఒక చిన్న అద్దం ఉంటది. బొమ్మకు కోపం రావాలంటే ముందుగాల మనం అద్దంల చూసుకుంట కోపం తెచ్చుకోవాలె, కనుబొమ్మలు ఎట్ల దగ్గరికొస్తున్నయి, పెదాలు ఎట్ల బిగుసుకుంటున్నయి అని చూసి గియ్యాలె. బొమ్మ ఏడ్వాలంటే మనం ఏడుపు ముఖం పెట్టాలె. కొత్తోళ్లెవరన్న మా ల్యాబు తలుపు తీస్తే, అద్దాల ముందర ఇంతమంది మూతులు తిప్పుకుంట కూసున్నది చూసి తలుపేసి పోతరు! నాకు ముఖాలంటే పిచ్చి. బస్సుల కూసున్నా, కూకట్‌పల్లి కాడ ట్రాఫిక్‌ల ఆగినా ముఖాలే చూస్తుంటి, చదువు అయిపోంగనే ముఖాలు గీసే పనే చెయ్యాలని నా ఆశ. ఆ ఆశ పెట్టింది దేవుడే, అది గట్టిగ చెప్తున్న.

ఇగ ఆఖరు సంవత్సరం మొదలైంది. బస్టాపుల నిలబడ్డ ఒక అమ్మాయి ఫోన్‌ల మాట్లాడుతున్నట్టు బొమ్మ చెయ్యమన్నరు, మాటకు తగ్గట్టు పెదాలు కదలాలె, నడుమ నడుమ కండ్లు ఆర్పాలె. నేను ముందురోజు సాయంత్రం, మళ్ల పొద్దుగాల వచ్చి కూసొని అద్దంల చూసుకుంట చేసిన, మస్తుగ వచ్చిందని నాకే సంబురమైంది. క్లాసుల పెద్ద తెర మీద వేసినం. మా సారు చూసిండు, మళ్లొకసారి వెయ్యమన్నడు, చూసి, ఏం బ్లెస్సీ, మీ అమ్మాయి నాకు కన్ను కొడుతుందేంటి అన్నడు! క్లాసు క్లాసంత నవ్వింది, నేను కూడా నవ్విన. అప్పుడు నా పక్కన కూసున్న లాస్య నవ్వు ఆపేసింది. లాస్య నా దోస్తు, బాచుపల్లి నుంచి వస్తది, వాళ్లది గుంటూరు దిక్కు. నా గదవ పట్టుకొని తన వైపు తిప్పుకొని, "ఒసేయ్, నీ మూతి అలా ఉందేంటే? ఏదీ, ఒకసారి కళ్లు మూయి" అన్నది.

మూసిన. ఒక కన్నే మూతపడ్డది.

సహోదరులారా, అప్పుడు నాకు అర్థమైంది. నేను బొమ్మ తప్పు గియ్యలే, అద్దంల ఉన్నది ఉన్నట్టు గీసిన! పొద్దున ఛాయ్ మూతి పక్కకెల్లి కారితే తొందరల తాగిన అనుకున్న, చెవి వెనుక గుంజుతుంటే బస్సు కిటికీ గాలి అనుకున్న, నా ముఖం నాకంటే ముందు నా బొమ్మకు తెలిసింది.

లాస్యే ఆటో పిలిచి దవాఖానకు తీసుకపోయింది. ముఖం నరం వాచిందమ్మా, పక్షవాతం కాదు, భయపడకు, మందులు వాడు, ముఖానికి వ్యాయామాలు చెయ్యి, చాలామందికి తిరిగొస్తది, కొందరికి ఆలస్యమైతది, ఎవరికో ఒకరికి పూర్తిగ రాదు అని డాక్టరమ్మ నిదానంగ చెప్పింది. ఆమె చెప్పినవాట్ల నాకు ఆ ఆఖరు మాట ఒక్కటే చెవుల నిలబడ్డది. గల్లీల ఒకామె పావురం నెత్తురు రాయమన్నది, ఇంకొకామె దిష్టి అన్నది, మమ్మీ అందరికీ ఛాయ్ పోసి, "నా బిడ్డను చేసినోడు ఉన్నడక్కా, పావురాలను ఏమనకుండ్రి" అని పంపించింది.

మందులు వాడిన. పండుకునేటప్పుడు కంటికి పట్టీ అంటించుకున్న. వానలు పోయినయి, చలి వచ్చింది, ముఖం మాత్రం కదల్లే! పెదాలు మూతపడక ప్రభువా అనబోతే గాలి పోతుండె, నా పేరు నేనే సక్కగ పలకలేకపోతుంటి. చూసుకోవద్దని టేబుల్ మీద అద్దం తీసి డ్రాల వేసిన, కానీ హైటెక్ సిటీల అద్దం లేని గోడ ఏడుంటది? బస్సు దిగితే ఆ కంపెనీ గోడల నా ముఖమే, లిఫ్టుల నా ముఖమే, ఆపి ఉన్న ప్రతి కారు కిటికీల నా ముఖమే! మాస్కు పెట్టుకొని తలకాయ కిందికేసి నడుస్తుంటి.

పైకెల్లి ఆఖరు సినిమా ఒకటి ఉండె. ప్రతి విద్యార్థి సొంతంగ ఒక చిన్న సినిమా చెయ్యాలె, బయటి స్టూడియోలోళ్లు వచ్చి చూస్తరు, దాని మీదనే డిగ్రీ, దాని మీదనే రేపటి పని. నా కథ మొత్తం ముఖం మీదనే ఉండె, ఒక తల్లి బిడ్డ కోసం ఎదురుచూసే కథ. మా సారు మంచోడు, నా బాధ చూడలేక, ముఖం లేని పాత్ర పెట్టుకో బ్లెస్సీ, ఒక గొడుగునో బంతినో కథానాయకి చెయ్యి, మార్కులు తగ్గవు అన్నడు. ఆయన ప్రేమతోనే అన్నడు, నాకు మాత్రం గుండె పగిలింది. ఇంటికొచ్చి తలుపేసుకొని దేవునితోని కొట్లాడిన, అవును, కొట్లాడిననే అంట! "ప్రభువా, కాలు నొప్పి ఇచ్చినా కుంటుకుంట పోదును, చెవి తీస్కున్నా ఓర్చుకుందును, ముఖాలు గీసేదాని ముఖమే ఎందుకు తీస్కున్నవ్? నీకు నేను గుర్తున్ననా అసలు?" అని ఏడ్చిన.  ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన.

కానీ బంతి కథ మాత్రం చెయ్యదలుచుకోలే. మొండిదాన్ని! నా ముఖం పనిచెయ్యకపోతే ఇంకొకరి ముఖం చూసి గీస్త అనుకున్న, మా దాంట్ల అట్ల కూడా చేస్తరు, మనిషిని నటించమని వీడియో తీసి, దాన్ని ఒక్కొక్క బొమ్మగ ఆపి ఆపి చూసి గీస్తరు. తల్లి కథ గదా, మమ్మీనే కూసోబెట్టినం. లాస్య ఫోన్ పట్టుకుంది. అయ్యో దేవా, మమ్మీ కెమెరా చూడంగనే ఆధార్ కార్డు ఫోటోకు కూసున్నట్టు బిగుసుకపోయింది! బిడ్డ కోసం ఎదురుచూడు మమ్మీ అంటే గోడ గడియారం దిక్కు గుడ్లు పెట్టి చూస్తది! నవ్వి నవ్వి మాకు కడుపునొప్పి లేచింది, నవ్వితే నా మూతి ఇంకా వంకర పోయేది, అయినా నవ్విన. ఆఖరికి లాస్య, "ఆంటీ, నటించొద్దండీ, మీరు రోజూ చేసుకునే ప్రార్థనే చేసుకోండి, మేం ఇక్కడ లేమనుకోండి" అన్నది. లాస్య వాళ్లు గుడికి పోయే కుటుంబం సహోదరులారా, ఆ మాట ఆమె నోట్లకెల్లి వచ్చింది!

మమ్మీ కొంగు తలమీద వేసుకుంది, కండ్లు మూసుకుంది. "యేసయ్యా, నా బిడ్డ బ్లెస్సీ ముఖం నువ్వు చేసిందే గదయ్యా, నీ పని మీద నువ్వే చెయ్యి పెట్టయ్యా. ముఖం వచ్చినా రాకున్నా బ్లెస్సీ నీ బిడ్డనే. దానికి ధైర్యమియ్యి తండ్రీ, దాని నవ్వు నాకు ఇయ్యి." ప్రార్థించుకుంట ఏడ్చింది. లాస్య కూడా కండ్లు తుడుసుకుంట వీడియో తీసింది.

మరునాడు ల్యాబుల ఆ వీడియో పెట్టుకొని ఆపి ఆపి చూసిన. మామూలుగ చూస్తే తల్లి ఏడుస్తున్నది, అంతే. కానీ ఒక్కొక్క బొమ్మ ఆపితే, నా పేరు వచ్చే ముందర మమ్మీ ముఖం మీద ఒక నవ్వు వస్తుంది! రెప్ప కొట్టినంత సేపు గూడ ఉండదు, రెండు మూడు బొమ్మలు అంతే, మళ్ల ఏడుపు. తప్పేమో అని మళ్ల చూసిన. రెండోసారి నా పేరు తీసింది, మళ్ల గదే నవ్వు! కన్నీళ్లు కారుతున్నయి, బాధ ఉన్నది, అయినా బ్లెస్సీ అనేముందు ఆమె పెదాలు సంతోషపడుతున్నయి. నా వంకర మూతి ఆమెకు లెక్కనే లేదు, నేనంటేనే ఆమెకు సంతోషం!

సహోదరులారా, కన్న తల్లికే ఇంత ఉంటే, ఆమెను చేసినోనికి, నన్ను చేసినోనికి ఎంత ఉండాలె! గుర్తున్ననా అని అడిగిన గదా, జవాబు అదే అని నా లోపట తెలిసింది. ఆడనే, పదిమంది పిల్లల నడుమ, "తండ్రీ, ముఖం నీ ఇష్టం, నేను మాత్రం ఇగ దాక్కోను" అని ప్రార్థించిన. మాస్కు తీసి చెత్తబుట్టల వేసిన. డ్రాలకెల్లి అద్దం తీసి టేబుల్ మీద పెట్టిన. ముఖం ఇంకా వంకరనే ఉండె, కానీ సిగ్గు పోయింది, ఆ దినమే పోయింది, మళ్ల రాలే! నా మొదటి విడుదల అదే.

ఇగ పనిల పడ్డ. మమ్మీ ఏడుపు గీసిన, చేతులు గీసిన, ఆ నవ్వు గియ్యడానికి మాత్రం మస్తు దినాలు పట్టింది, జర ఎక్కువైతే అబద్ధమైతది, తక్కువైతే కనపడది. ఒకనాడు మధ్యాహ్నం గట్లనే వంగి గీస్తున్న. మా గీసేటోళ్లకు ఒక అలవాటు, బొమ్మ నవ్వుతుంటే తెలవకుండనే మనం కూడా నవ్వుతం. లాస్య నా దిక్కు చూసి కుర్చీలకెల్లి లేచి అరిచింది, "బ్లెస్సీ! కదలకు! నీ ఎడమ పక్క కదిలిందే!" అద్దంల చూసుకున్న. మూతి మూల చిన్నగ, చాలా చిన్నగ లేచింది! మా సారు ఉరికొచ్చిండు, ల్యాబు ల్యాబంత నా చుట్టూ చేరింది, మళ్ల నవ్వు మళ్ల నవ్వు అని నాతోని నవ్విపించుడే పని! ఇంటికి ఫోన్ చేసి, ఇన్ని నెలల తరువాత మమ్మీ అని పెదాలు మూసి సక్కగ పిలిచే ప్రయత్నం చేసిన. అవతల నుంచి స్తోత్రం, స్తోత్రం అనుడు తప్ప ఇంకో మాట రాలే. డాక్టరమ్మ చూసి నరం లేస్తుంది, వ్యాయామాలు మానొద్దు అన్నది. మందు ఇచ్చింది ఆమెనే, ఆమెకు నా వందనాలు, ఆ మందును పని చేయించింది మాత్రం నా యేసయ్య!

సినిమా చూపించే దినం వచ్చింది. ఎన్నడూ మందిరం గడప తొక్కని మా డాడీ, నన్ను దింపి బయట బండి మీదనే కూసొనే మా డాడీ, ఆ పొద్దు కంపెనీకి సెలవు పెట్టి, ఇస్త్రీ అంగీ వేసుకొని మమ్మీ పక్కన కూసున్నడు. తెర మీద ఆ తల్లి ప్రార్థన చేసుకుంట బిడ్డ పేరు తీసేముందు ఆ నవ్వు వచ్చి పోయింది. అయిపోయినంక ఒక స్టూడియో ఆయన, ఆ నవ్వు ఎక్కడ దొరికిందమ్మా అని అడిగిండు. మా మమ్మీ దగ్గర సార్ అన్న, ఆమె అక్కడుంది అని చూపించిన, మమ్మీ సిగ్గుతోని కొంగు ముఖాన కప్పుకుంది, అందరు లేచి చప్పట్లు కొట్టిండ్రు! అదే స్టూడియోల ఇప్పుడు ముఖాలు గీస్తున్న, దేవునికే మహిమ. బయటికొచ్చినంక డాడీ బండి కాడ నిలబడ్డడు. బండి తాళం తిప్పుకుంట, "ఇన్నేండ్ల సంసారంల మీ మమ్మీ ముఖంల గా నవ్వు నేనెన్నడు చూడలే బిడ్డా. మీ దేవుని ముందర కూసుంటే వస్తదా అది?" అని అడిగిండు. ఆ వచ్చే ఆదివారం బండి బయట పెట్టి లోపటికొచ్చిండు. అదిగో, మూడో వరుసల కూసున్నడు, తల వంచుకున్నడు, ఏమనుకోకు డాడీ!

నా ముఖం ఇప్పటికి కూడ పూర్తిగ రాలే, గట్టిగ నవ్వితే ఎడమ కన్ను జర చిన్నగైతది, చూసుకోండి, దాచేది లేదు. రోగమో, అప్పో, అవమానమో, ఎవరికీ చెప్పుకోలేక ముఖం దాచుకొని కూసున్నోళ్లు మీల ఉంటే మీకోసమే ఈ మాట. మీ బాధ ఈ పొద్దే పోతదని నేను మాటియ్యలేను, అది ఆయన చేతిల ఉన్నది. కానీ మీ పేరు ఆయన ముందరికి వచ్చిన ప్రతిసారి ఆయన ముఖం మీద ఒక నవ్వు వస్తది, మనకు కనపడనంత తొందరగ వచ్చి పోతది గని తప్పకుండ వస్తది. ఆపి ఆపి చూసినదాన్ని చెప్తున్న, నమ్మండి, రండి.