కోటీ అరవై లక్షల రంగుల బల్బు

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగారు, రంగులు మారే స్మార్ట్ బల్బులు పెట్టిన డబ్బుకు తగినవేనా అని. దోమల మందు గురించి అడిగినా నలభై సలహాలు వచ్చే గ్రూపు అది. ఈ ప్రశ్నకు మాత్రం అందరూ నా వైపే వేలు చూపించారు. తప్పు వాళ్లది కాదు. లిఫ్టులో ఎదురుపడ్డ ప్రతివాడికీ ఆ బల్బుల గొప్పలు చెప్పి, వాళ్ల అంతస్తు దాటిపోయేదాకా వదలనివాణ్ణి నేనే.

మాదాపూర్ ఆఫీసులో పక్క సీటువాడు కొన్నాడని నేనూ కొన్నాను. మామూలు బల్బులు డజను వచ్చే ధరకు ఒక్కటి వస్తుంది. నేను ఆరు తెప్పించాను. డబ్బా మీద కోటీ అరవై లక్షల రంగులని రాసుంది. "మనకు తెల్లది ఒకటి వెలిగితే చాలదా?" అంది మా ఆవిడ. నెలలు నిండిన మనిషితో వాదనకు దిగలేదు, అప్పటికే ఆర్డరు పెట్టేశాను కాబట్టి.

ఈ బల్బుతో ఒక చిక్కుంది. గోడ మీద స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. అది కట్టేస్తే బల్బు ఫోన్ మాట వినదు. మా ఇంట్లో ఊడ్చి తుడిచే ఆమె, మేముండే నల్లగండ్లలోనే పుట్టి పెరిగిన మనిషి. గదిలోంచి బయటికి వస్తూ స్విచ్ కట్టేయడం ఆమెకు అలవాటు. పొద్దున ఆమె వెళ్లాక ఆరు బల్బులనూ మళ్లీ దారిలో పెట్టుకోవడం నా పని. చివరికి ప్రతి స్విచ్ మీదా కాగితం అంటించి టేపు వేశాను, 'ఆఫ్ చేయరాదు' అని.

ఆమె దాన్ని చదివి, "పట్టపగలు లైటేంది సార్, కిటికీ లేదా?" అంది.

టెక్నాలజీ తెలియని మనిషిలే అని జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పాప పుట్టింది. మూడో రోజు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ, రెండు రోజులాగి ఒకసారి తెచ్చి చూపించమంది. పురుడు చూడడానికి కడప నుంచి మా అత్తగారు వచ్చారు. పదకొండో రోజుదాకా పచ్చి బాలింతకూ పాపకూ గాలీ వెలుతురూ తగలకూడదని పడగ్గది తెరలన్నీ మూసేశారు. "పురుడు గడవకుండా పిల్లను గడప దాటించేదేంది? పదకొండు దాటినాక పోదాంలే" అన్నారు. నాకూ ఆ వారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది. పెద్దావిడ మాట కాదనడం ఎందుకని తల ఊపాను. నిజానికి నాకు తీరిక లేదు, అంతే.

చీకటి గదికి నా వంతు సాయం నేను చేశాను. ఫోన్లో 'కొవ్వొత్తి వెలుగు' అనే రంగు పెట్టాను. పసిపిల్లల నిద్రకు అది మంచిదని ఎక్కడో చదివాను. గదంతా పసుపు. అత్తగారికి మొదట నచ్చలేదు గానీ, ఆ వెలుగులో మనవరాలిని చూశాక ఒప్పుకున్నారు. "చూడు అల్లుడూ, మేలిమి బంగారం మాదిరి ఉంది" అన్నారు. వీడియో కాల్లో చుట్టాలందరూ అదే మాట. ఛాయ ఎవరి వైపు నుంచి వచ్చిందని రెండు కుటుంబాల మధ్య మర్యాదగా పోటీ నడిచింది. మా ఆవిడ ఒక్కతే, "మరీ పసుపుగా లేదూ?" అంది. నలుగులో వేసిన పసుపు అంటుకుందని అత్తగారు, బల్బు రంగని నేను, చెరో జవాబు ఇచ్చాం. పాప పాలకు కూడా లేవకుండా పడుకుంటుంటే, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాం.

ఇంటికొచ్చిన ఆరో రోజు పొద్దున ఊడ్చే ఆమె మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. అత్తగారు వంటింట్లో ఉన్నారు. నేను హాల్లో ఆఫీసు కాల్లో ఉన్నాను. "గీ వెలుతుర్ల దుమ్మెట్ల కనవడతదమ్మా, జర తెర తీస్త" అని, మా ఆవిడ సరేననగానే టేపు పీకి స్విచ్ కట్టేసి, తెర లాగింది. చీపురు కింద పెట్టి, మంచం దగ్గరికి వెళ్లి, పాప కనురెప్ప మెల్లగా ఎత్తింది.

"సార్, జర ఇటు రా. పాప పచ్చగున్నది. కండ్లు గూడ పచ్చగున్నయ్. ఇగ ఆగొద్దు, దవాఖానకు తీస్కపోన్రి."

ఎండలో చూశాను. మొహం, పొట్ట, అరికాళ్లు, కళ్లలో తెల్లగా ఉండాల్సిన చోటు, అంతా పసుపే. హెడ్‌ఫోన్లు మెడలో వేసుకునే కారెక్కాను. అత్తగారు పురుడు మాట ఎత్తలేదు, గడప దాటి మా కంటే ముందే లిఫ్టు నొక్కారు.

రక్తం పరీక్ష చేసి కామెర్లు బాగా పెరిగాయన్నారు. పాప కళ్లకు గంతలు కట్టి నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. ఆ భయంలో కూడా నాలో ఇంజనీరు చావలేదు. "మా ఇంట్లో బల్బుకు నీలం కూడా ఉందండీ, అది వేస్తే సరిపోదా?" అని డాక్టరమ్మను అడిగాను.

ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. "మీ బల్బు పుట్టినరోజు పార్టీకి వాడుకోండి. మూడు రోజుల కింద మీరు ఎండలో చూసుంటే పాపకు ఈ గంతలు ఉండేవి కావేమో" అంది. నేను వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. అత్తగారు పక్కన కూర్చుని నన్ను ఓదార్చలేదు, ఆవిడా ఏడుస్తున్నారు.

రెండు రోజులకు పాప తేరుకుని, ఆకలని గుక్కపట్టి ఏడ్చింది. ఇంటికొచ్చి స్విచ్‌ల మీది టేపులన్నీ నేనే పీకేశాను. మర్నాడు ఊడ్చే ఆమె గోడకేసి చూసి, "కాయితాలేమాయె సార్?" అంది. "తీసేశానమ్మా. నీ ఇష్టమొచ్చినట్టు కట్టేయి" అన్నాను.

గ్రూపులో ప్రశ్నకు ఇంకా జవాబు రాయలేదు. పాపకు మూడో నెల. పొద్దున్నే లేచి తెర తీసి, ఎండలో దాని కళ్లు తెల్లగా ఉన్నాయని చూసుకున్నాకే ఫోన్ ముట్టుకుంటున్నాను.