వదిలేసిన మణికట్టు

ఏళ్ల తరబడి గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. మీతో చెబితే దిగుతుందో లేదో తెలియదు. ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల చేతుల్లో ఎంత సత్తువ మిగిలిందో పరీక్షించి, ఆ చేతులకు పని నేర్పడం నా వృత్తి. విశాఖలో నా అంత చెయ్యి తిరిగినవాళ్లు తక్కువ. ఆ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు.

నూకరాజు సముద్రంలో చేపల వేటకు వెళ్లే మనిషి. పడవ మీంచి జారి మెడ విరగ్గొట్టుకున్నాడు. మణికట్టు లేస్తోంది, వేళ్లు మాత్రం కదలడం లేదు. ఇలాంటివాళ్లు మణికట్టు పైకెత్తితే, తాడు లాగిన సంచి మూతిలా వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. అది వేళ్ల సత్తువ కాదు. అందుకే మణికట్టును కదలకుండా పట్టుకుని పరీక్షించాలి. మా పనిలో ఇది మొదటి పాఠం.

అతని వేళ్లలో కదలిక తెప్పించానని అప్పటికే అందరికీ చెప్పేసుకున్నాను. డాక్టర్లు చూడటానికి వచ్చి నిలబడ్డారు. మణికట్టు పట్టుకున్నాను. వేలు కదల్లేదు. వదిలేశాను. మణికట్టు లేచింది, వేలు ముడుచుకుంది. నా మీద నమ్మకంతో ఎవరూ మళ్లీ పట్టి చూడలేదు. చెయ్యి జారిందా? లేదు. తెలిసే వదిలాను.

"ఏలు కదిలింది మేడం, నాను సూసినాను," అన్నాడు నూకరాజు.

"కదిలింది," అన్నాను.

పనిచేస్తున్న కండరాన్ని వేళ్లకు కలిపే ఆపరేషన్ ఒకటి అనుకున్నారు. వేళ్లే వస్తుంటే కోత ఎందుకని అతను వద్దన్నాడు. డాక్టర్లూ సరేనన్నారు. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు కదా, ఎవరు కొట్టేవారు నన్ను, ఇన్నాళ్లూ అతని ఆశ చెడగొట్టకూడదనే ఊరుకున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ నిజానికి కాపాడుకున్నది నా పేరునే కదా?

ఇప్పుడతను నేను నేర్పిన మణికట్టు పట్టుతోనే వల సూది పట్టుకుని, ఒడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తాడు. చూస్తే ఈరోజుకీ నా ఛాతీ పొంగుతుంది. ఆ గర్వం అబద్ధం కాదు. కానీ ముడి బిగించేంత బలం ఆ పట్టుకు లేదు. ఆపరేషన్ జరిగి ఉంటే వచ్చేదేమో. పక్కన కూర్చుని ప్రతి ముడీ అతని భార్య బిగిస్తుంది.

మొన్న వెళ్లినప్పుడు అతని మణికట్టు గట్టిగా పట్టుకుని వేలు కదపమన్నాను. కదల్లేదు. ఇవాళ బద్ధకించిందంటూ నవ్వి, వేలిని వెనకేసుకొచ్చాడు.

అతనికింకా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, కాస్త ఊపిరాడుతోంది. ఆ వేలు ఏనాడూ కదల్లేదు.