నా ఉపవాసం, రాజయ్య షుగరు

కొన్నేళ్లుగా ఒక మాట నా గుండె మీద బరువుగా ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు. చెప్పవలసిన మనిషికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుణ్ణి. పొట్ట పెరిగిందని ఫోన్లో వీడియోలు చూసి కీటో డైటు మొదలుపెట్టాను. అన్నం బంద్, రొట్టె బంద్. గుడ్లు, మాంసం, నెయ్యి, పనీరు. దానికి తోడు రోజూ పదహారు గంటల ఉపవాసం. మొదట్లో నిజంగానే చేశాను, నిజంగానే తగ్గాను. కాలనీలో ఎవరు ఎదురుపడినా ఎలా తగ్గావని అడిగేవారు. అలా అడిగించుకోవడం ఎంత బాగుండేదో!

బాయిలో అందరం ఒకచోట కూర్చుని సద్దిగిన్నెలు విప్పుతాం. ఎవరి కూరైనా అందరికీ అందుతుంది, వద్దనడం మర్యాద కాదు. నేను మాత్రం చేయి అడ్డం పెట్టి, ఉపవాసమని గొప్పగా చెప్పేవాణ్ణి. కానీ వారం వారం షిఫ్టు మారుతుంటే ఆకలికి ఆగలేకపోయాను. డ్యూటీకి వెళ్లే ముందు బస్టాండు వెనక హోటల్లో ఒక మూల కూర్చుని పూరీలు తినేవాణ్ణి. మూతి తుడుచుకుని బాయి దిగి, మళ్లీ చేయి అడ్డం పెట్టేవాణ్ణి. ఎందుకు? ఆకలైందంటే ఎవరు తిట్టేవారు? నవ్వేవారు, అంతే. ఆ నవ్వుకే భయపడ్డాను.

రాజయ్య నా పక్కనే పనిచేసేవాడు. వరస కలుపుకుని బావా అని పిలుచుకుంటాం. అతనికి షుగరు. నన్ను చూసి, ఎలా చేయాలో నన్నే అడిగి తనూ అన్నం మానేశాడు, ఉపవాసం పట్టాడు. షుగరు గోలీలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నాడు. డాక్టరును అడగమని నేను ఒక్క మాట అనలేదు. నాకు తెలియకనా, లేక అన్నీ తెలిసినవాడిలా కనిపించాలన్న సరదా వల్లనా? రెండోదే అనుకుంటాను.

ఒకరోజు పని మధ్యలో చెమటలు కక్కుతూ కూలిపోయాడు. స్ట్రెచరు మీద పైకి తెచ్చాం. దవాఖానలో షుగరు బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచాడు.

"పరేషాన్ గాకు బావా. నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది. నాకే చేతగాలే."

"గట్లనకు. ఇగ బువ్వ తిను."

"గంతసేపు నువ్వెట్ల ఉంటున్నవ్ బావా?"

"అలవాటైతది తియ్," అన్నాను.

అంటుంటే పొద్దున తిన్న పూరీల తేన్పు వచ్చింది.

ఆ తర్వాత రాజయ్యను బాయిలోకి దిగనివ్వలేదు. పైన, బాయి దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చే ల్యాంపు రూములో పని ఇచ్చారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. వేళకు తింటాడు, ఎండ కనిపించే ఉద్యోగమని మురిసిపోతాడు. నేనూ హాయిగానే ఉన్నాను. ఉపవాసం మానేశానని అందరికీ చెప్పేశాను, పొట్ట తిరిగొచ్చింది, సద్ది దగ్గర అందరి కూరలూ తింటున్నాను. కానీ డ్యూటీకి వచ్చిన కొత్తవాళ్లకు ల్యాంపు అందిస్తూ అతను ఇప్పటికీ నన్ను చూపిస్తాడు, అప్పట్లో అన్ని రోజులు ఉపవాసమున్న మా బావంత పట్టుదల మనిషి లేడని. తనకు అది లేదని కూడా చెబుతాడు. నేను నవ్వి, ల్యాంపు తీసుకుని దిగిపోతాను.

అతనికి ఎప్పుడు చెబుతానో నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

రాజయ్యా, నేను ఉండలేకపోయాను. రోజూ తిన్నాను.

ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు పట్టింది. రాసేశాక ఆకలేస్తోంది. లేచి, అన్నం పెట్టమని మా ఆవిడను కేకేస్తాను.