దేవుడికి ఇంటి గుర్తులు

వనపర్తి బస్టాండులో గద్వాల బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకునేవాళ్ల మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. కర్చీఫ్ వేయడం తప్పని కాదు. నేను వేసినప్పుడల్లా అది ఎవరో ఒకరి ఒళ్లో పడేది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. సోమవారం పొద్దున పోయి, శనివారం సాయంత్రం వనపర్తికి వచ్చేవాణ్ణి. రెండు ప్రయాణాలూ నిలబడే. గద్వాలలో నేను వెళ్లే చర్చి పాస్టరుగారికి ఈ కష్టం చెప్పుకుంటే, "నిలబడ్డంతసేపు ఇతరుల కోసం ప్రార్థన చేయండి బ్రదర్, దూరం తెలియదు" అన్నారు. నేను అడిగింది సీటు గురించి. అయినా మొదలుపెట్టాను. మొదటి వారం నా ప్రార్థనంతా పెబ్బేరులో దిగాల్సినవాళ్ల కోసమే. వాళ్లు క్షేమంగా దిగాలని, కాస్త తొందరగా దిగాలని.

ఆ అలవాటు నిలబడటానికి కారణం భక్తి కాదు, భయం. ఎవరైనా బాధ చెప్పుకోగానే, "మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను" అని నా నోట్లోంచి వచ్చేసేది. అది అబద్ధం కాకుండా ఉండాలంటే ఆ సాయంత్రమే మొదలుపెట్టాలి. అలా పోగైన పేర్లను ఒక పాత అటెండెన్సు రిజిస్టరు చివరి పేజీల్లో రాసుకున్నాను. పొద్దున్నే చదువుతుంటే దేవుడి ముందు హాజరు తీసుకుంటున్నట్టే ఉండేది. కానీ ఒకరోజు, ఫస్టు పీరియడు మధ్యలో, ఆ రిజిస్టరులో పేరున్న ఒక విద్యార్థి తల్లి, కామెర్లతో పడుకున్నావిడ, పొద్దున ఏమైనా తిన్నదో లేదో అని ఆలోచన వచ్చింది. అంతకుముందు నా బతుకులో ఇంకొకరి నాష్టా గురించి ఆలోచించిన గుర్తు లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. శుక్రవారం ఉపవాస కూడికలో విజ్ఞాపన ప్రార్థన చేసే బాధ్యత నాకు అప్పజెప్పారు. అంటే ఇతరుల అక్కరలను దేవుని ముందు పెట్టడం. మైకులో.

నాకు ఏదైనా వివరంగా చెప్పడం అలవాటు. బొద్దింక గుండెకు ఎన్ని గదులో చెప్పి బతికేవాడు ఏదీ వదలలేడు. దేవుడికి తెలియనిది లేదని ఆదివారం వనపర్తిలో సండే స్కూలు పిల్లలకు చెప్పేదీ నేనే, శుక్రవారం గద్వాలలో ఆయనకు మంచం నంబరు చెప్పేదీ నేనే. "ప్రభువా, ఆ దవాఖానలో రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమపక్క వార్డు..." ఆయన మెట్ల దగ్గర తికమకపడతాడేమోనని నా బెంగ. ముసలమ్మలు మాత్రం ఒక్కో గుర్తుకూ ఒక ఆమెన్ చెప్పేవాళ్లు.

అప్పుడు నేను అద్దెకున్నది నేతపని చేసేవాళ్ల ఇంట్లో, మేడమీది గదిలో. కింద మగ్గం. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని పండుగల ముందు పట్టు అంచు చీరలు, మిగతా రోజుల్లో టవళ్లు నేసేవాళ్లు. వాళ్లు చర్చికి వచ్చేవాళ్లు కారు. ఆయన్ని అన్నా అనీ, ఆమెను అక్కా అనీ పిలిచేవాణ్ణి. పట్టు, జరీ షావుకారి ఇస్తాడు, వీళ్లు నేసి ఇస్తారు. ఆ దసరా ముందు షావుకారి మొదటిసారి వాళ్లకు పెళ్లిచీర అప్పజెప్పాడు. అది కుదిరితే ఏడాదంతా పట్టు పని. కుదరకపోతే మళ్లీ టవళ్లు.

ఒకరోజు అన్న నన్ను మెట్ల మీద ఆపాడు.

"సార్, నెల సంది ఈ కుడిచెయ్యి వణుకుతుంది. అంచు కాడ పోగు తప్పుతున్న. మీ దేవునికి జర చెప్పు."

"దవాఖానలో చూపించినవా అన్నా?"

"సూపిచ్చిన. గోళీలిచ్చిండు, మెల్లగ తగ్గుతది అన్నడు. షావుకారికి తెలిస్తే అందాంక ఆగడు సార్. పట్టు వాపసు తీస్కపోతడు. నా పేరు బయటికి రానియ్యకు."

రానివ్వనని మాట ఇచ్చాను.

మాట నిలబెట్టుకున్నాను కూడా. శుక్రవారం సాయంత్రం మైకు ముందు కళ్లు మూసుకుని, ఆయన పేరు ఎక్కడా ఎత్తలేదు. "ప్రభువా, ఈ వీధి చివర నీలం తలుపుల ఇంట్లో, దసరాకు పెళ్లిచీర నేయబోతున్న నీ బిడ్డ కుడిచేయి వణకడం నువ్వు ఎరుగుదువు. షావుకారికి తెలియకముందే ఆ చేతిని ముట్టి స్వస్థపరచు" అన్నాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. నా జీవితంలో అంత బాగా నేనెప్పుడూ ప్రార్థించలేదు. పాస్టరుగారు భుజం తట్టారు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ తలెత్తితే చర్చి మీద మైకు బూర కనిపించింది. వారం వారం కనిపించేదే. అది షావుకారి దుకాణం వైపే తిరిగి ఉందని ఆ సాయంత్రమే చూశాను.

మరుసటి పొద్దున షావుకారి మా ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడు, ముందు టీ తాగాడు. తర్వాత, "ఏదీ, చెయ్యి సాపు" అన్నాడు. నేను మేడ మెట్ల మీద నోట్లో బ్రష్షుతో నిలబడి ఉన్నాను. అన్న చేయి చాపాడు. ముగ్గురం కాసేపు ఆ చేతివంకే చూశాం. అక్క చూడలేదు.

"తగ్గినంక సూద్దాం లే. రేపు అంచు వంకరపోతే పెండ్లోళ్లకు నేనేం జెప్పాలె?" అంటూ షావుకారి ఇంకా మగ్గం ఎక్కని పట్టు కండెల్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

కిందికి దిగాను. బ్రష్షు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అన్న మగ్గం గుంతలోకి కాళ్లు దించి ఊరికే కూర్చున్నాడు. అక్క టీ గ్లాసులు తీస్తోంది.

"అక్కా, నేను పేరు చెప్పలేదు" అన్నాను.

"అవ్, పేరొక్కటే చెప్పలే."

"నాది తప్పే. కానీ ప్రార్థన మాత్రం ఆపను అక్కా. అన్న చెయ్యి బాగయ్యేదాకా రోజూ చేస్తాను."

ఆమె గ్లాసులు కింద పెట్టింది.

"వద్దు సార్. ఈ నెల ఇంకెవరి కోసమన్న చెయ్యి."